చిరాగ్ అలీ గల్లీ నుండి వచ్చిన గొంతు

హైదరాబాదులో ఆబిడ్స్‌కు దగ్గరగా చిరాగ్ అలీ గల్లీ అని ఒక వీధి ఉన్నది. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో నిజాం కొలువులో పెద్ద పదవులు నిర్వహించిన పండితుడు మౌల్వీ చిరాగ్ అలీ పేరు మీద ఏర్పడిన గల్లీ అది. నేడు అక్కడికి పోయిన వారికి దుకాణాలూ, బళ్ళూ, జన సమ్మర్దమూ తప్ప వేరే విశేషం కానరాదు. అయినా మన తెలుగు దేశపు రేడియో చరిత్ర వ్రాయబూనిన వాడు ఆ గల్లీ దగ్గర ఒక్క నిమిషమైనా ఆగవలెను. 1930 దాటిన తొలి సంవత్సరాలలో మహబూబ్ అలీ అనే ఒక ఉత్సాహవంతుడు అక్కడ 200 వాట్ల ట్రాన్స్‌మిటరు నెలకొల్పి, ప్రైవేటుగా ప్రసారాలు ప్రారంభించినాడు. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని తన అధీనంలోకి తీసుకొన్నది. తరువాత డెక్కన్ రేడియోగా పేరు పొంది, నలభైల దశకమంతా హైదరాబాదు సంస్థానపు గొంతుగా నిలిచినది అదే.

ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధించే వారిని పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "సార్, రేడియో విప్పి చూచినాము. రేడియోకు వినిపించే యంత్రాన్ని మనమే ఇంట్లో చేయలేమా?" చేయవచ్చును. ప్రపంచంలో మొదటి ప్రసార కేంద్రాలలో అనేకం అట్లా ఇండ్లలో పుట్టినవే. అయితే చేయగలగడం వేరు, చేయడానికి అనుమతి ఉండడం వేరు. ఈ రెండింటి మధ్యనున్న దూరమే రేడియో చరిత్రలో సగం. అందుచేత ముందు యంత్రం సంగతి చూచి, ఆ తరువాత చరిత్రలోకి పోదాము.

అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలను మీరు చూచే ఉంటారు. ఒకసారి ఊపి వదలితే అది కొంతసేపు ఊగి, క్రమంగా ఊపు తగ్గి ఆగిపోతుంది. ఉయ్యాల ఎన్ని సెకన్లకు ఒకసారి ఊగవలెనో నిర్ణయించేది తాడు పొడవే కాని ఊపిన వారి బలం కాదు. విద్యుత్తుకు కూడా ఇటువంటి ఉయ్యాల ఒకటి ఉన్నది. ఒక తీగచుట్టను, ఒక కండెన్సరును జతపరచినట్లయితే, కండెన్సరులో నిలువ ఉన్న విద్యుత్తు చుట్ట గుండా ప్రవహించి అవతలి పలకకు చేరుతుంది. చేరి ఊరుకోదు. ప్రవాహం ఆగబోతుంటే దానిని ఆగనీయక ముందుకు నెట్టడం చుట్ట స్వభావం. కాబట్టి కండెన్సరు ఎదురు దిశలో నిండుతుంది, మళ్ళీ ఖాళీ అవుతుంది. ఈ ఊగులాటనే డోలనము అంటాము. చుట్ట ప్రేరకత్వమూ, కండెన్సరు కెపాసిటీయే ఇక్కడ తాటి పొడవు. 238 మైక్రోహెన్రీల చుట్టకు 200 పికోఫారడ్ల కండెన్సరు చేర్చినట్లయితే ఆ వలయం సెకనుకు సుమారు 7,30,000 సార్లు ఊగుతుంది. డెక్కన్ రేడియో పెద్ద ట్రాన్స్‌మిటరు పనిచేసిన పౌనఃపున్యం అదే, 730 కిలోసైకిళ్ళు. నేటి వాడుకలో కిలోహెర్ట్‌జ్ అంటాము.

ఉయ్యాల ఆగిపోకుండా ఉండవలెనంటే ఎవరో ఒకరు సరియైన క్షణంలో చిన్న తోపు తోస్తుండవలెను. 1887, 88లలో జర్మనీలో హెర్ట్‌జ్ విద్యుదయస్కాంత తరంగాలను మొదటిసారి పుట్టించినప్పుడు ఈ తోపు కొరకు విద్యుత్ స్ఫులింగాన్ని వాడినాడు. 1895లో కలకత్తా టౌన్ హాలులో మన జగదీశ చంద్ర బోసు గోడల అవతలకు తరంగాలు పంపి గంట మ్రోగించినదీ, తుపాకి మందు పేల్చినదీ స్ఫులింగంతోనే. కాని స్ఫులింగం ఉయ్యాలను ఒక్కసారి గట్టిగా తన్ని వదలుతుంది. ఊపు వెంటనే పడిపోతుంది. మళ్ళీ తన్నవలెను. ఇటువంటి తెగిపోయే తరంగాల మీద చుక్కలు, గీతలు పంపవచ్చును గాని మనిషి గొంతును ఎక్కించలేము. శూన్యనాళిక, అనగా వాల్వు, వచ్చిన తరువాత ఆ పని సులభమైనది. వాల్వు వృద్ధి చేసిన విద్యుత్తులో కొంచెం తీసి మళ్ళీ దాని మొదటికే అందించినట్లయితే, ఉయ్యాలపై కూర్చున్న పిల్ల తానే కాళ్ళు చాపి ఊపు అందుకొన్నట్లు, డోలనం తనంతట తాను నిలిచి సాగుతుంది. 1912 ప్రాంతాలలో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలైన వారు కనుగొన్న ఈ కిటుకే నేటికీ ప్రతి ట్రాన్స్‌మిటరుకూ ప్రాణం. వాల్వు స్థానంలో ట్రాన్సిస్టరు వచ్చినది, అంతే తేడా.

ఇంతవరకు మనకు లభించినది మాట లేని నిశ్చల తరంగం. దానికి వాహక తరంగమని పేరు. దీని ఎత్తును గొంతుకు తగినట్లు పెంచుతూ, తగ్గిస్తూ పోవడమే మాడ్యులేషను. పిల్లలకు ఇది తేలికగా తోస్తుంది: మైక్రోఫోను తగిలిస్తే సరిపోదా? సరిపోదు. చిన్న లెక్క వేసి చూడండి. 200 వాట్ల తరంగశక్తి బయటకు రావలెనంటే, నూటికి 70 వంతుల సామర్థ్యం గల చివరి వాల్వు దాదాపు 286 వాట్లు తీసుకొంటుంది. వేయి వోల్టుల వద్ద ఇది సుమారు 0.29 ఆంపియరు. గొంతును ఆ వాల్వు ప్లేటు వద్ద పూర్తిగా ఎక్కించవలెనంటే, అందులో సగం, అనగా 143 వాట్ల ధ్వని విద్యుత్తు కావలెను. అంటే ఒక పెద్ద ఊరేగింపుకు సరిపోయే లౌడ్‌స్పీకరు యంత్రమంత దానిని ట్రాన్స్‌మిటరు ప్రక్కన నిలబెట్టవలెనన్న మాట. పైగా వేయి వోల్టులతో వ్యవహారం. ఒకసారి పొరపాటున తాకిన వానికి రెండవ అవకాశం ఉండదు. చిరాగ్ అలీ గల్లీలో ట్రాన్స్‌మిటరు నడపడం బొమ్మలాట కాదని దీనిని బట్టి గ్రహించవచ్చును. నేటికీ నేర్చుకొనేవారు మాట జోలికి పోక మోర్స్ చుక్కలు గీతలతో ఎందుకు మొదలుపెడతారో కూడా దీనివల్లనే తెలుస్తుంది. మోర్స్‌కు వాహక తరంగాన్ని వేయడం, తీయడం చాలును.

ఇట్లా ఇంటి నుండి పుట్టిన కేంద్రాలలో లోకప్రసిద్ధమైనది అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరానిది. ఫ్రాంక్ కాన్రాడ్ అనే ఇంజనీరు తన కారు షెడ్డు మీది గదిలో ట్రాన్స్‌మిటరు కట్టుకొని, మాటలాడి అలసిపోయినప్పుడు గ్రామఫోను రికార్డులు వేసేవాడు. వినేవారు పెరిగినారు. ఆయన పనిచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇది చూచి 1920 నవంబరు 2న 100 వాట్లతో కె.డి.కె.ఎ. కేంద్రాన్ని ప్రారంభించి, ఆ రాత్రి అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వినిపించినది.

మన దక్షిణాదిలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించినారు. ఆ జూలై 31 నాటికే 40 వాట్ల యంత్రంతో ప్రసారాలు మొదలైనవి. తరువాత 200 వాట్లకు పెరిగినారు. కాని 1927లో డబ్బు చాలక క్లబ్బు మూతపడినది. ట్రాన్స్‌మిటరును మద్రాసు కార్పొరేషనుకు అప్పగించగా, కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుండి దానిని నడిపినది. మైసూరులో మనస్తత్వ శాస్త్రాచార్యుడు ఎం.వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరు 10న తన ఇంటి నుండే 30 వాట్లతో ప్రసారం ప్రారంభించినారు. ఆకాశవాణి అన్న పేరు ఆ ఇంటి కేంద్రానిదే. తరువాత అది దేశమంతటికీ పేరైనది. మద్రాసు క్లబ్బు 200 వాట్ల దగ్గర ఆగినది, చిరాగ్ అలీ గల్లీ యంత్రమూ 200 వాట్లదే. ఒక వ్యక్తి గాని, కొందరు మిత్రులు గాని చందాలతో మోయగలిగిన బరువు ఆ రోజులలో దాదాపు అంతేనని నాకు తోస్తుంది. ఆపైన ప్రభుత్వం కావలెను. ప్రభుత్వం వచ్చిన తరువాత యంత్రం పెద్దదవుతుంది, మైక్రోఫోను ముందు కూర్చొనే మనిషి మారుతాడు.

హైదరాబాదులో అదే జరిగినది. చిరాగ్ అలీ గల్లీకి చార్మినారు దాదాపు మూడు కిలోమీటర్లు. మూసీ దాటి పాతబస్తీ ఇండ్లకు 200 వాట్లు సుఖంగా చేరుతవి. కాని వరంగల్లుకూ, గుల్బర్గాకూ, ఔరంగాబాదుకూ వ్యాపించిన సంస్థానానికి అవి చాలవు. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల మధ్యతరంగ ట్రాన్స్‌మిటరు నెలకొన్నది. అనగా శక్తి 25 రెట్లు పెరిగినది. అయితే దూరం 25 రెట్లు పెరిగినదా? లేదు. తరంగపు బలం శక్తి యొక్క వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 25కు వర్గమూలం 5. అదే చోట వినిపించే తరంగం అయిదు రెట్లు బలపడుతుంది, అంతే. దూరంతో పాటు భూమి కూడా తరంగాన్ని పీల్చుకొంటుంది కనుక, వినవచ్చే దూరం ఆ అయిదు రెట్లు కూడా పెరగదు. ప్రసార కేంద్రాలు వాట్ల కొరకు అంతగా ఆరాటపడడానికి కారణమిదే.

730 కిలోసైకిళ్ళకు తరంగదైర్ఘ్యం 411 మీటర్లు. మంచి ఏరియల్ అందులో నాలుగవ వంతు, అనగా సుమారు 103 మీటర్ల ఎత్తు ఉండవలెను. రెండు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలిపితే దాదాపు అంత ఎత్తు. గల్లీలో అటువంటిది ఎక్కడ నిలుపుతారు? ఊరి బయట మైదానం కావలెను. నేల తడిగా ఉన్నట్లయితే మరీ మేలు, తడినేల విద్యుత్తుకు మంచి దారి ఇస్తుంది. సరూర్‌నగర్‌లో ఆనాడు విశాలమైన బయలు ఉన్నది, చెరువు కూడా ఉన్నది.

డెక్కన్ రేడియోకు ఉర్దూలో నష్ర్‌గాహ్-ఎ-లాసిల్కీ అని పేరు. సిల్క్ అంటే అరబ్బీలో దారం, తీగ. లాసిల్కీ అంటే తీగ లేనిది. ఇదే అర్థంలో మన పండితులు నిస్తంత్రి అన్నారు. తంతి అంటే టెలిగ్రాము అని అలవాటు పడిన జనానికి తంతి లేని తంతి అనడం వింతగా ఉండి కాబోలు, రెండు పేర్లూ పుస్తకాలలోనే నిలిచిపోయినవి. పాతబస్తీలోనూ, పల్లెలలోనూ అందరూ రేడియో అనే అన్నారు. సంస్థానంలో ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు ఉండడం వలన ఈ భాషలన్నింటిలోనూ కార్యక్రమాలు ఉండేవి. అయితే ఏ భాషలో మాట్లాడినా, ఏమి మాట్లాడవలెనో నిర్ణయించేది ప్రభుత్వమే.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చినది. బ్రిటిష్ ఇండియాలో ఔత్సాహికుల లైసెన్సులు రద్దు చేసి, వారి ట్రాన్స్‌మిటర్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. అంతకు ముందే, 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చి, అనుమతి లేకుండా రేడియో పరికరాన్ని ఉంచుకోవడమే నేరమని చెప్పినది. ఈ నిషేధం మధ్యలోనే, 1942 ఆగస్టులో, బొంబాయిలో 22 ఏండ్ల ఉషా మెహతా తన మిత్రులతో కలిసి కాంగ్రెసు రేడియోను రహస్యంగా నడిపినది. నారిమన్ ప్రింటర్ అనే నిపుణుడు ట్రాన్స్‌మిటరు కూర్చి ఇచ్చినాడు. వారు వాడిన తరంగదైర్ఘ్యం 42.34 మీటర్లు. లెక్క వేసినట్లయితే సుమారు 7.08 మెగాహెర్ట్‌జ్. మన దేశంలో ఔత్సాహికులకు నేడు కేటాయించిన 7.0 నుండి 7.2 మెగాహెర్ట్‌జ్ పట్టీలో అది ఇమిడిపోతుంది. నేటి విద్యార్థి లైసెన్సు పొంది మోర్స్ సాధన చేసే చోటనే ఆనాడు వారు ప్రాణాలకు తెగించి వార్తలు చదివినారు. ఇల్లు మార్చి ఇల్లు తిరిగినా 1942 నవంబరు 12న పోలీసులు పట్టుకొన్నారు. ఉషా మెహతాకు నాలుగేండ్ల శిక్ష పడినది.

కనబడని తరంగాన్ని పట్టుకొని ఇంటిని ఎట్లా వెదకుతారు? ఈ ప్రయోగం ఏ లైసెన్సూ లేకుండా మీరే చేయవచ్చును. చేతిలో పట్టే చిన్న ట్రాన్సిస్టరు రేడియో ఒకటి తీసుకొని మధ్యతరంగంలో ఏదైనా కేంద్రం పెట్టండి. రేడియోను బల్లపై ఉంచి మెల్లగా గుండ్రంగా త్రిప్పండి. ఒక దిశలో ధ్వని బాగా తగ్గిపోతుంది. లోపలి ఫెరైటు కడ్డీ కొన సరిగ్గా కేంద్రం వైపు చూస్తున్నదని దానికి అర్థం. ఆ దిశను ఊరి పటం మీద గీత గీయండి. మరొక పేటకు పోయి మళ్ళీ గీయండి. రెండు గీతలు కలిసే చోట ట్రాన్స్‌మిటరు ఉంటుంది. దొంగ ట్రాన్స్‌మిటర్లను వెదకే బండ్లలోని యంత్రాలకు మూలసూత్రం ఇదే. క్షేత్రగణితం పాఠం చెప్పే వారికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1948 సెప్టెంబరులో డెక్కన్ రేడియో తన చరిత్రలో అతి ముఖ్యమైన ప్రసారం చేసినది. భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించిన అయిదవ రోజు, 17వ తేదీన, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా మైక్రోఫోను ముందుకు వచ్చి, తన సైన్యానికి యుద్ధ విరమణ ఆదేశించిన సంగతి ప్రకటించినాడు. రెండు శతాబ్దాలకు పైగా సాగిన ఆసఫ్‌జాహీల పాలన ముగిసిన సంగతి అనేకమందికి ఫర్మానాగా కాక రేడియో మాటగా తెలిసినది. అదే సంవత్సరం డిసెంబరు 1న విజయవాడలో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైనది. 1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయినది. మైసూరు ఆకాశవాణి కూడా అదే రోజున కలిసినది. 1975లో మధ్యతరంగ కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్‌జ్‌గా అంతర్జాతీయంగా నిర్ణయమైన తరువాత హైదరాబాదు కేంద్రం 738కి జరిగినది. 738ని 9తో భాగించి చూడండి, శేషం ఉండదు.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. చెప్పుకోదగినది కాదు గాని, పిల్లలకు పనికి వస్తుంది.

1969లో తెలంగాణ ఉద్యమం వలన బడులు నెలల తరబడి మూసి ఉన్నవి. నాకప్పుడు పదిహేనేండ్లు. మా ఇల్లు శాలిబండలో. చేయడానికి పని లేక, పాత సామానుల బజారులో కొన్న ఫెరైటు కడ్డీ, ఒక ట్రాన్సిస్టరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టి డోలక వలయం ఒకటి కూర్చినాను. మా రేడియోలో ముల్లు 730 దగ్గర పెట్టి నా వలయం కండెన్సరును త్రిప్పగా, హైదరాబాదు కేంద్రం గొంతు వెనుక సన్నని ఈల వినిపించినది. ఆ ఆనందం ఇప్పుడు మాటలలో చెప్పలేను. నా తరంగం 731 వద్ద ఉన్నదనుకోండి, కేంద్రం 730 వద్ద ఉన్నది. రెండింటి తేడా 1 కిలోసైకిల్. చెవికి వినబడే పౌనఃపున్యం అది. అదే ఈల. అంతటితో ఊరుకొన్నట్లయితే బాగుండేది. డాబా మీద బట్టలు ఆరవేసే ఇనుప తీగకు నా వలయాన్ని తగిలించినాను. సాయంకాలం వార్తల వేళ కూడా తీయలేదు.

గోడ అవతల ఒక వృద్ధుడు ఉండేవారు. మేమందరమూ చాచా అనేవాళ్ళము. ఆయన తలుపు తట్టి, మా నాన్నతో కాక నాతోనే మాట్లాడినారు.

"బేటా, నీ డబ్బా బంద్ చెయ్. ఖబర్లు వినపడ్తలేవు. ఊర్ల కర్ఫ్యూ పెట్టిన్రో లేదో తెల్వాలె. మా వాడు సికింద్రాబాద్ పనికి పొయ్యిండు, ఇంకా రాలే."

నేను పరుగెత్తి తీగ పీకివేసినాను. కొడుకు ఆ రాత్రి క్షేమంగానే వచ్చినాడు. మరునాడు నేను క్షమాపణ చెప్పబోగా చాచా లోపలి గదిలో నుండి ఒక చిన్న పుస్తకం తెచ్చి చూపినారు. రేడియో ఉంచుకోవడానికి తపాలా కార్యాలయం ఇచ్చిన లైసెన్సు పుస్తకం అది. మన దేశంలో వినడానికి కూడా లైసెన్సు ఉండవలెనన్న నియమం 1980ల దాకా ఉన్నది. "వినెటందుకు నా దగ్గర కాగితం ఉన్నది," అన్నారు చాచా. "పలికెటందుకు నీ దగ్గర ఉన్నదా?" నిజాం ప్రసంగించిన నాడు చార్మినారు దగ్గర ఒక హోటలులో జనం మధ్య నిలబడి విన్నానని కూడా ఆయన చెప్పినారు. ఆ రోజున ఎవరూ చాయ్ త్రాగలేదట, కప్పులు చల్లారిపోయినవట.

నా ఈల ఆయనకు ఏమి చేసినదో అప్పుడు అర్థమైనది. ఒక మిల్లీవాటు శక్తి గల వలయం అయిదు కిలోవాట్ల కేంద్రాన్ని ఒక ఇంట్లో నోరు మూయించగలదు. దగ్గరితనం అటువంటిది. మరి పెద్ద ఏరియల్‌తో విమానాల, ఓడల పౌనఃపున్యాల మీద ఎవరైనా ఈ పని చేసినట్లయితే? 1933 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చినది గాని, అనుమతి లేని ప్రసారం నేడు కూడా నేరమే.

అయితే తోవ లేకపోలేదు. పన్నెండేండ్లు నిండిన విద్యార్థి ఎవరైనా కేంద్ర ప్రభుత్వం జరిపే ఔత్సాహిక రేడియో పరీక్షకు కూర్చోవచ్చును. రేడియో సిద్ధాంతం, నియమాలు అందులో పాఠ్యాంశాలు. హైదరాబాదులోనే 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడినది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమానుకు వెళ్ళిన బృందం, భారతీ ప్రసాద్ మొదలైన వారు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగానే 26వ తేదీన సునామీ వచ్చినది. టెలిఫోన్లు పడిపోయినవి. వినోదానికి తీసుకొని పోయిన ట్రాన్స్‌మిటర్లతోనే వారు ద్వీపాల వార్తలు బయటి ప్రపంచానికి చేరవేసినారు. తప్పిపోయిన వారి కొరకు ఇండ్లలో ఎదురు చూస్తున్న వారికి కబురు అందించినారు.

మొదలుపెట్టే వారు నేను చేసిన వరుసను తలక్రిందులు చేయవలెను. మొదట గ్రాహకం కట్టండి, వినడం నేర్చుకొనండి. 7 మెగాహెర్ట్‌జ్ పట్టీలో మోర్స్ సందేశాలు రాత్రిపూట దండిగా వినిపిస్తవి. ట్రాన్స్‌మిటరు కట్టినప్పుడు దాని పౌనఃపున్యాన్ని క్వార్ట్‌జ్ స్ఫటికంతో కట్టివేయండి. నా ఇనుప తీగ వలయంలా గాలికి, చేతికి జరిగిపోదు. ఈ పౌనఃపున్యానికి 100 పికోఫారడ్లతో 5 మైక్రోహెన్రీల చుట్ట చాలును, వేలితో లెక్కపెట్టగల చుట్లు. లైసెన్సు చేతికి వచ్చేదాకా ఏరియల్‌కు బదులు 50 ఓముల నిరోధాన్ని తగిలించి పరీక్షించండి. శక్తి వేడిగా మారిపోతుంది, ఇరుగు పొరుగుకు చేరదు. సైన్సు క్లబ్బులలో ఉపాధ్యాయులు ఈ ఒక్క నియమం గట్టిగా పాటింపజేయవలెను. ఇక ఏరియల్ సంగతి: ఈ పట్టీకి రెండు రెక్కలు కలిపి 20 మీటర్ల తీగ సరిపోతుంది. సరూర్‌నగర్ మైదానం అక్కరలేదు, పాతబస్తీలో రెండు డాబాల మధ్య కట్టవచ్చును.

నాకు లైసెన్సు రావడానికి మరి ఏడేండ్లు పట్టినది. 1976లో ఒక సాయంకాలం ఆ 20 మీటర్ల తీగకు రెండవ కొన కట్టడానికి చోటు చాలక, గోడ అవతలికి పోయి చాచాను అడిగినాను. ఆయన ముందు నా కాగితం చదివించుకొని విన్నారు. తరువాత తన డాబా మీది కొక్కెం చూపినారు. వార్తల వేళకు రేడియో పెట్టి, నన్ను మా ఇంటికి పోయి మోర్స్ మీట నొక్కుతూ ఉండమన్నారు. పది నిమిషాలు నొక్కినాను. గోడ మీదుగా చేయి ఊపి, ఈల రాలేదని సైగ చేసినారు.